కరెంటు పోయాక ఇంట్లో సముద్రానికి ఎంత గడువు?

హైదరాబాద్ శివారు మీర్‌పేట్‌లో ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు చాలాసార్లు ఒకే తీరుగా నడుస్తాయి. మధ్యాహ్నమంతా 40 డిగ్రీలు దాటిన ఎండ. నాలుగున్నరకు మబ్బు కమ్ముతుంది, ఐదింటికి దుమ్ము లేస్తుంది, ఎక్కడో ఓ కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది, ఫీడర్ ట్రిప్ అవుతుంది. 1912కి ఫోన్ చేస్తే లైన్‌మెన్ బయల్దేరారంటారు. మామూలు ఇంటికి ఇదేమంత కష్టం కాదు. ఫ్యానుకు ఇన్వర్టర్ ఉంది, ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే రెండు మూడు గంటలు లాగేస్తుంది. హాల్లో ఉప్పునీటి అక్వేరియం, అందులో పగడాలు ఉన్న ఇంట్లో మాత్రం లెక్క వేరే.

ఇక్కణ్ణుంచి సూర్యలంక సముద్ర తీరం 300 కిలోమీటర్ల దూరం. అయినా ఒక మధ్యతరగతి హాల్లో సముద్రాన్ని తయారుచేయవచ్చు. ఆర్వో నీళ్ళు పట్టి, లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున అక్వేరియం ఉప్పు కలపాలి. 200 లీటర్ల ట్యాంకుకు 7 కిలోలు. ఇది వంటింటి ఉప్పు కాదు. సోడియం క్లోరైడ్‌తో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లాంటివి సముద్రంలో ఉన్న పాళ్ళలో ఉండే మిశ్రమం. అంతవరకూ సులువే. ఆ నీటిని బతికించేవి మాత్రం గోడకున్న ప్లగ్గులు. అలలు పుట్టించే వేవ్‌మేకర్, కింది తొట్టె నుంచి నీళ్ళు పైకి తోడే రిటర్న్ పంపు, మురికిని నురగగా తీసేసే స్కిమ్మర్, నీటిని చల్లబరిచే చిల్లర్, పగడాలకు ఎండలా పనిచేసే ఎల్‌ఈడీ దీపాలు. కరెంటు పోతే అన్నీ ఒక్కసారే ఆగుతాయి. వాటి వల్ల వచ్చే ముప్పులు మాత్రం ఒక్కసారే రావు. ఒక్కోదానికి ఒక్కో గడువు ఉంటుంది. ఏది ముందో తెలియక చాలామంది చిల్లర్ గురించి కంగారు పడతారు. అన్నిటికన్నా ముందు అయిపోయేది ఆక్సిజన్.

అసలు నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుంటుంది? 25 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు 8 మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ పట్టి ఉంచగలదు. ఉప్పునీరు పట్టేది 6.7 మిల్లీగ్రాములే. ఉప్పు పెరిగినా వేడి పెరిగినా నీరు ఆక్సిజన్‌ను వదిలేస్తుంది. 30 డిగ్రీలకు చేరిన ఉప్పునీటికి దక్కేది 6.2. అంటే 200 లీటర్ల పగడాల ట్యాంకు మొత్తంలో కరిగి ఉన్న ఆక్సిజన్ దాదాపు 1.25 గ్రాములు. అంతే చోటు ఆక్రమించే గాలిలో 50 గ్రాములకు పైగా ఉంటుంది. అద్దానికి ఇవతల అంత పుష్కలంగా ఉన్నదానికి అవతల అంత కరువు. ఆ ఒకటింబావు గ్రాములోనూ పూర్తిగా వాడుకునే వీల్లేదు. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటి కిందికి పోతే చాలా చేపలు తట్టుకోలేవు. ఖర్చు పెట్టుకోగలిగింది సగానికి కాస్త పైన, అంతే.

పైన గాలి ఉంది కదా, దానంతటదే దిగదా అని అడగవచ్చు. దిగుతుంది, కానీ ఎంత నెమ్మదిగానో చూడండి. కదలని నీటిలో ఆక్సిజన్ అణువులు వాటంతటవి పాకడాన్ని వ్యాపనం అంటారు. గాలిలో కంటే నీటిలో ఇది దాదాపు పదివేల రెట్లు నిదానం. ఒక సెంటీమీటరు లోతుకు చేరాలంటే 7 గంటలు. దూరం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లవుతుంది కాబట్టి 30 సెంటీమీటర్ల లోతున ఇసుక మీద కూర్చున్న గోబీ చేప దాకా రావాలంటే 8 నెలలకు పైనే. నిజం ట్యాంకులో నీరు అంత నిశ్చలంగా ఉండదు. చేపలు ఈదుతాయి, పైన చల్లబడిన నీరు కిందికి దిగుతుంది, కాబట్టి నెలలు పట్టవు. అయితే అక్వేరియంలో ఆక్సిజన్ లోపలికి వెళ్ళేది ప్రధానంగా నీటి పైపొర పగిలి, కలిసి, కిందికి దిగడం వల్లేనని ఈ లెక్క చెబుతుంది. ఎయిర్ స్టోన్ నుంచి బుడగలు లేస్తుంటే ఆ బుడగల్లోని గాలే నీటికి అందుతోందనుకుంటాం. బుడగ ఉపరితలాన్ని చేరి పగలడం, దారిలో అడుగు నీటిని పైకి లాగడం, ఈ రెండు పనుల వల్లే మేలు ఎక్కువ.

పంపులు ఆగిన అరగంటకు టార్చి వేసి పక్కనుంచి చూస్తే ఇది కంటికే కనిపిస్తుంది. అద్దంలా నిలిచిన నీటిమీద పలచటి జిడ్డు తెట్టు కడుతుంది. స్కిమ్మర్ తీసేయాల్సిన ప్రొటీన్లు, కొవ్వులు అవి. క్లౌన్‌ఫిష్ దవడ పక్కన మొప్ప మూత మామూలుగా తీరిగ్గా తెరుచుకుని మూసుకుంటుంటుంది. ఇప్పుడు గబగబా కొట్టుకుంటుంది. ఇంకాసేపటికి చేపలు మూలల నుంచి లేచి నోళ్ళు పైపొరకు ఆనించి నిలబడతాయి. పగడాల మీద పువ్వుల్లా విచ్చుకుని ఉన్న పాలిప్‌లు ముడుచుకుంటాయి. చేపలు పైకి తేలాయంటే గడువు చివరికొచ్చిందని అర్థం.

పగడాల సంగతి మరీ విచిత్రం. పగడం జంతువే, కానీ దాని కణాల్లో సూక్ష్మమైన శైవలాలు కాపురం ఉంటాయి. పగలు వెలుతురులో అవి పిండిపదార్థం తయారుచేసి పగడానికి పెడతాయి, ఆక్సిజన్ వదులుతాయి. వెలుగుండగా పగడం ఒంటిమీద నీటిలో ఆక్సిజన్ మామూలు కంటే ఎక్కువ. దీపం ఆర్పగానే ఆ శైవలాలు కూడా ఆక్సిజన్ తీసుకునేవాళ్ళ జాబితాలో చేరిపోతాయి. పైగా పగడం ఈదలేదు. దాని చర్మాన్ని అంటుకుని ఒక మిల్లీమీటరు మందాన కదలని నీటిపొర ఉంటుంది, శ్వాసంతా ఆ పొరలోంచే. బయట ప్రవాహం జోరుగా ఉంటే పొర పలచబడుతుంది, ఆగితే మందమవుతుంది. పగడం తన ఒంటిమీది సన్నటి నూగుతో నీటిని కాస్త చిలుక్కోగలదు, కానీ చుట్టూ ఉన్న నీరే కరువులో ఉన్నప్పుడు చిలికి లాభం లేదు. అందుకే మధ్యాహ్నం రెండింటికి పోయిన కరెంటు కంటే తెల్లవారుజామున మూడింటికి పోయిన కరెంటు ప్రమాదం. రాత్రంతా ఊపిరి తీసుకోవడంతో నిల్వ అప్పటికే తరిగి ఉంటుంది, ఇంట్లోవాళ్ళు నిద్రలో ఉంటారు.

ఈ తెల్లవారుజాము లెక్క మన దగ్గర అందరికన్నా బాగా తెలిసినవాళ్ళు అక్వేరియం పెట్టినవాళ్ళు కాదు. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు రొయ్యల రైతులు. 2009లో వనామీ రొయ్యకు మన దేశంలో అనుమతి వచ్చాక ఆంధ్రప్రదేశ్ తీరమంతా చెరువులు పరుచుకున్నాయి. ఆ చెరువు నీరు ఆకుపచ్చగా ఉంటుంది, ప్లవకం వల్ల. పగలు ప్లవకం ఆక్సిజన్‌ను కుమ్మరిస్తుంది, రాత్రి అదే తాగేస్తుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్‌కు రైతు నోట మాట ‘డీవో’, లెక్క లీటరుకు మిల్లీగ్రాముల్లో. డీవో 4కి పైన ఉండాలి, 2కి వస్తే పంటకే ముప్పు. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు వరకు అది అట్టడుగున ఉంటుంది కనుకే ఆ వేళకు పాడిల్‌వీల్ ఏరేటర్లన్నీ తిరుగుతుండాలి. అప్పుడు కరెంటు పోయి పావుగంటలో జనరేటర్ అందుకోకపోతే రొయ్యలు గట్టు వెంట పైకి చేరతాయి. చెరువు దగ్గర రాత్రి కాపలా ఉండే మనిషికి దొంగల భయం ఒకటైతే, లైటు ఆరగానే లేచి జనరేటర్ వేయడం రెండోది. ఆ రెండోదే ముఖ్యమని నా అంచనా.

రైతుల షెడ్డులో ఇంకోటి కూడా ఉంటుంది, ఆక్సిజన్ మాత్రలు లేదా గుళికలు. ఎక్కువగా సోడియం పెర్‌కార్బొనేట్. నీళ్ళలో పడితే హైడ్రోజన్ పెరాక్సైడ్ విడుదలై, అది విరిగి ఆక్సిజన్ ఇస్తుంది. అదే పెరాక్సైడ్ మందుల షాపులో 3 శాతం ద్రావణంగా దొరుకుతుంది కదా, ట్యాంకులో పోస్తే పోలా అనిపిస్తుంది. ఒక మిల్లీలీటరు ద్రావణం పూర్తిగా విరిగితే వచ్చేది 14 మిల్లీగ్రాముల ఆక్సిజన్. 200 లీటర్ల ట్యాంకులో డీవోను ఒక్క అంకె పెంచడానికి 14 మిల్లీలీటర్లు పోయాలి. ఎకరం చెరువులో కలిసిపోయే మందు గాజుపెట్టెలో ఒకేచోట పడితే, శుభ్రం చేసే చిన్న రొయ్యల మీద, పగడపు కణాల మీద దాని ఘాటు ముందు పనిచేస్తుంది. నేనైతే ఆ జోలికి పోను. చేతిలో మరేదీ లేకపోతే ఒక చెంబు చాలు. ట్యాంకు నీళ్ళే ముంచి, ఇరానీ హోటల్లో టీ తిరగబోసినట్టు, జానెడు రెండు జానల ఎత్తు నుంచి ట్యాంకులోనే పోయాలి. పది పదిహేను నిమిషాలకోసారి ఓ ఇరవై చెంబులు. పనికిరాని పనిలా కనిపిస్తుంది. పైన చెప్పిన వ్యాపనం లెక్క తెలిస్తే అలా కనిపించదు.

ఇక కరెంటు లెక్క. మన ఇళ్ళలో ఉండే 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీలో పేరుకు 1800 వాట్-అవర్లు ఉంటాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని పూర్తిగా పిండితే త్వరగా చెడిపోతుంది, సగం అంటే 900 వాడుకోవచ్చనుకుందాం. 20 వాట్ల వేవ్‌మేకర్ ఒక్కటే దాని మీద పెడితే, ఇన్వర్టర్ తన సొంతానికి తినే 15 వాట్లు కలిపినా, 25 గంటలు నడుస్తుంది. రోజుకు పైనే! అదే బ్యాటరీ మీద వేవ్‌మేకర్‌తో పాటు రెండు పాత ఫ్యాన్లు, చెరో 75 వాట్లు, తిరుగుతుంటే 5 గంటలు కూడా రాదు. చిల్లర్ తగిలిస్తే మూడు గంటల్లోపే చేతులెత్తేస్తుంది. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు మామూలుకు ఎన్నో రెట్లు కాబట్టి చిన్న ఇన్వర్టరైతే అసలు ఆ భారమే మోయదు. చౌకరకం స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద ఏసీ పంపులు గుర్రుమంటూ వేడెక్కుతాయి. సైన్‌వేవ్ అయితే ఆ బాధ లేదు.

అయితే నా ఓటు పెద్ద ఇన్వర్టర్‌కు కాదు. ఒకటి రెండు వాట్ల యూఎస్‌బీ ఎయిర్ పంపు, దానికో పవర్ బ్యాంకు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో 37 వాట్-అవర్లు ఉంటాయి, నష్టాలు పోను రెండు వాట్ల పంపును పదిహేను గంటలు నడుపుతుంది. అంత తక్కువ ఖర్చుతో అంత గడువు తెచ్చిపెట్టేది ఇంకోటి లేదు. రెండు మెలికలున్నాయి. కొన్ని పవర్ బ్యాంకులు, లాగే కరెంటు మరీ తక్కువైతే ఫోన్ ఛార్జింగ్ అయిపోయిందనుకుని వాటంతటవే ఆగిపోతాయి. అర్ధరాత్రి నమ్ముకునే ముందు ఓ పగటిపూట నాలుగు గంటలు నడిపి చూడాలి. రెండోది, ఎయిర్ పంపును నీటిమట్టం కంటే కింద పెడితే అది ఆగినప్పుడు సన్న గొట్టంలోంచి నీరు వెనక్కి వచ్చి నేల మీద పారుతుంది. పైన పెట్టాలి, లేదా గొట్టం మధ్యలో నాన్ రిటర్న్ వాల్వు ఉండాలి. కరెంటు పోగానే తనంతట తానే మొదలయ్యే బ్యాటరీ ఎయిర్ పంపులు కూడా ఉన్నాయి. రాత్రి మూడింటికి మనల్ని లేపకుండానే అవి పనిచేస్తాయి.

వెనక్కి వచ్చే నీళ్ళ సంగతి వచ్చింది కాబట్టి సంపు. ఇంటి ముందు నేలలో ఉండేది కాదు, ట్యాంకు కింద బీరువాలో ఉండే చిన్న తొట్టె. రిటర్న్ పంపు ఆగగానే, పైకి తోడిన గొట్టమే సైఫన్‌గా మారి పైనీటిని కిందికి లాగుతుంది, గొట్టం మూతి గాలికి తేలేదాకా. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉన్న ట్యాంకులో ఒక్క సెంటీమీటరు నీరంటే 4 లీటర్లు. మూతి 5 సెంటీమీటర్లు మునిగి ఉంటే 20 లీటర్లు కిందికొస్తాయి. కింద చోటు లేకపోతే అవి హాల్లోకి, ఆ పైన కింది ఫ్లాట్‌వాళ్ళ పైకప్పులోకి. నీటిమట్టానికి కాస్త కింద గొట్టానికి చిన్న బెజ్జం పెడితే అక్కడ గాలి జొరబడి సైఫన్ తెగిపోతుంది. ఆ బెజ్జానికి నాచు, నత్తలు అడ్డం పడుతుంటాయి, నెలకోసారి పుల్లతో పొడవాలి. వైర్లు ప్లగ్గుకన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కేలా ఉండాలి, వాటి వెంట జారిన ఉప్పునీరు బోర్డులోకి పోకుండా. ట్యాంకుకు, కరెంటు లీకైతే సరఫరా తెంచే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఉరుములప్పుడు అది ఊరికే ట్రిప్ అయితే వీధంతా వెలుగుండి ట్యాంకు ఒక్కటే చీకట్లో ఉండిపోతుంది. ఊరెళ్ళినప్పుడు జరిగేది చాలావరకు ఇదే.

వేడి గడువు ఆక్సిజన్ గడువు కన్నా పొడవు. 200 లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు పావు యూనిట్ శక్తి కావాలి. 36 డిగ్రీల గదిలో 26 డిగ్రీల ట్యాంకు ఉంటే అద్దాల గుండా వేడి చొరబడి ఒక డిగ్రీ పెరగడానికి సుమారు మూడు గంటలు పడుతుందని అంచనా. ఈ విషయంలో హైదరాబాద్ ఎండ ఒక ఉపకారం చేస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరైతే పోయే వేడి 200 లీటర్లను మూడు డిగ్రీల మేర చల్లబరచడానికి సరిపోతుంది. 40 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతమే ఉంటే, తడిసిన వస్తువు సిద్ధాంతరీత్యా 22 డిగ్రీల దాకా చల్లబడవచ్చు. విశాఖలో 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజున అది 30 దగ్గరే ఆగుతుంది. ఎడారి కూలర్ ఇక్కడ పనిచేసి అక్కడ ఉక్కపోతగా మారడానికి కారణం కూడా ఇదే. అందుకే మీర్‌పేట్‌లో ట్యాంకు మూత తీసి, చిన్న బ్యాటరీ ఫ్యాన్ నీటిమీదికి తిప్పితే చిల్లర్ లేకున్నా చాలాసేపు నెట్టుకురావచ్చు. వాన పడి తేమ పెరిగితే ఫ్యాన్ ప్రభావం తగ్గుతుంది గానీ అప్పటికి గాలీ చల్లబడి ఉంటుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గిన మేరకు పోయాల్సింది ఉప్పు కలపని ఆర్వో నీళ్ళు.

పగడాలకు వేడి అంటే ఎందుకంత భయం? అలవాటైన వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలు నిలిస్తే చాలు, లోపలి శైవలాలను పగడం బయటికి గెంటేసి తెల్లబడిపోతుంది. 2024 ఏప్రిల్‌లో అమెరికా సంస్థ నోవా ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇలా జరుగుతోందని ప్రకటించింది. అదే వేసవిలో లక్షద్వీప్ పగడాలు తెల్లబడ్డాయని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చెప్పింది. కొన్ని గంటలు 29 డిగ్రీలకు చేరిన ఇంటి ట్యాంకుకు ఆ గతి పట్టదు. 32 దాటి రోజంతా ఉంటే మాత్రం పట్టవచ్చు.

సముద్రంలో వాటి పరిస్థితి ఇలా ఉంది కనుకే చట్టం కూడా గట్టిగా ఉంది. గట్టి అస్థిపంజరం ఉండే పగడాలను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే పులి ఉన్న షెడ్యూల్లో, చేర్చారు. మన సముద్రాల నుంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో ఉన్న జీవజాతులను దగ్గర ఉంచుకునేవాళ్ళు నమోదు చేసుకోవాల్సి ఉంటుంది. గట్టి పగడాలన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. షాపువాడు కాగితం చూపకుండా ‘అండమాన్ మాల్ సార్’ అంటే అక్కణ్ణుంచి వచ్చేయాలి. హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్, ఖాళీ రాళ్ళతో కూడా అందమైన ట్యాంకు అవుతుంది.

వెలుతురు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తుపాను రోజుల్లో సముద్రమే మసకబారుతుంది. మూడు నాలుగు రోజులు దీపం లేకపోయినా పగడాలు బతుకుతాయి. తిండీ అంతే. కరెంటు లేనంతసేపూ మేత వేయకూడదు. అరిగించుకోవడానికి చేపకు అదనపు ఆక్సిజన్ కావాలి, మిగిలిన మేత కుళ్ళి ఇంకొంత లాగుతుంది.

రోజులకు రోజులు కరెంటు పోయే సందర్భాలు అరుదే గానీ లేకపోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక విశాఖలో చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు లేదు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్ శివార్లలో చెరువుల కింది కాలనీలు నీట మునిగాయి. నీళ్ళు నిలిచిన వీధికి కరెంటు ఇవ్వడం ప్రాణాంతకం, ఇవ్వరు. పెద్దచెరువు, సంద చెరువు, మంత్రాల చెరువు ఉన్న మీర్‌పేట్‌లో ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. అలాంటప్పుడు పనికొచ్చేది ముందే ఉప్పు కలిపి మూతపెట్టిన 20, 30 లీటర్ల నీళ్ళ డబ్బాలు. కరెంటు లేనప్పుడు ఉప్పు కలపడానికి పంపు ఉండదు. రోజుకు కాసిని పాత నీళ్ళు తీసి ఇవి పోస్తే అమ్మోనియా పలచబడుతుంది. పెట్రోల్ జనరేటర్ తెచ్చుకుంటే బాల్కనీలో కూడా వద్దు, పూర్తిగా ఆరుబయటే. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ చేపల కంటే ముందు మనుషులను తీసుకుపోతుంది.

కరెంటు వచ్చాక అన్నీ ఒకేసారి వేసేయడమూ ప్రమాదమే. మొదటి కొన్ని నిమిషాలు వోల్టేజీ ఊగుతుంది, ఆగాలి. గాలి చొరబడని క్యానిస్టర్ ఫిల్టర్ ఉంటే దాన్ని ముందు విప్పాలి. అమ్మోనియాను శుద్ధిచేసే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి. మూసిన డబ్బాలో అవి తమ నిల్వను త్వరగా తాగేసి చావడం మొదలుపెడతాయి, వాటి స్థానంలో హైడ్రోజన్ సల్ఫైడ్ వదిలే రకాలు పుంజుకుంటాయి. మూత తీయగానే కుళ్ళిన గుడ్డు వాసన వస్తే ఆ నీళ్ళు పారబోసి, స్పాంజీలను ట్యాంకు నుంచి తీసిన ఉప్పునీటిలో కడిగి అప్పుడు తగిలించాలి. కడగకుండా అలాగే ఆన్ చేస్తే, ఐదు గంటలు ఓర్చుకున్న చేపలు కరెంటు వచ్చిన పది నిమిషాలకు చచ్చిపోవచ్చు. తర్వాత వేవ్‌మేకర్, ఆ తర్వాత రిటర్న్ పంపు. అది నిజంగా తిరుగుతోందా అన్నది చేయి పెట్టి చూడాలి. సున్నం పట్టిన ఇంపెల్లర్ చాలాసార్లు మూలుగుతుంది తప్ప కదలదు. స్కిమ్మర్ కాసేపు పిచ్చిగా పొంగుతుంది, కప్పు ఖాళీ చేసి పెట్టుకోవాలి. చిల్లర్‌ను కనీసం ఐదు నిమిషాలు ఆలస్యంగా వేయాలి. రోజుకు మించి చీకట్లో ఉన్న పగడాలకు మాత్రం మొదటి రోజు దీపాలు సగం వెలుగులోనే ఉంచి, మూడు నాలుగు రోజుల్లో పాత స్థాయికి తేవాలి.